కోడళ్ళ చెట్టు

ఆ పొద్దున మబ్బు కొండ దిగొచ్చి పెరట్లో కూర్చుంది. వారంగా ఒకటే ముసురు. వాన అందామంటే వాన కాదు, ఎండ అందామంటే ఎండ కాదు. ఉడుకుతున్న గిన్నె మీద మూత కాస్త ఎత్తినట్టు గాలంతా వెచ్చగా, తడిగా ఉంది. తూర్పు కొండ మీద మబ్బుకి ఒక చిరుగు పడింది. అందులోంచి సూర్యుడు జ్వరం మనిషిలా ఒకసారి కన్ను తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

యాపిల్ పూత రాలి పిందె పడే వేళ అలాంటి ఆకాశం మంచిది కాదు. ఈ కరోలినా కొండల్లో పుట్టినవాడికెవడికైనా ఆ సంగతి తెలుసు. ఆర్విల్‌కి ఇంకాస్త ఎక్కువ తెలుసు. అందుకే కాఫీ కప్పు చేత పట్టుకునే, బూట్ల తాళ్ళన్నా కట్టుకోకుండా పెరట్లోకి దిగాడు.

వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది చెట్టు. మొదలు ఒకటే, కాయలు మాత్రం రకరకాలు. ఆ మొదలు ఆర్విల్ తాత పెట్టిన గింజకి మొలిచింది. యాపిల్‌కి గింజ పెడితే తల్లి కాయ రాదు. దీని సొంత కాయైతే పందులు కూడా మూతి తిప్పుకునేంత వగరు. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి పడింది. కోడలిగా వచ్చే ఆడది పుట్టింటి చెట్టు నుంచి ఒక అంటు పుల్ల తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంటుంది. పెళ్ళయిన మొదటి వసంతంలో మామగారు దాన్ని ఈ చెట్టుకి అంటు కడతాడు. అలా వచ్చినవే నాయనమ్మ లుటీషా కొమ్మ, తల్లి ఓమా కొమ్మ, పెళ్ళాం డెల్ఫీ కొమ్మ. లుటీషా కాయ పుల్లన, ఒరుగులకి దాన్ని మించింది లేదు. ఓమా కాయ నేలగదిలో గడ్డి పరిచి పెడితే చలికాలం దాటేదాకా కరకరలాడుతుంది. డెల్ఫీది ఎర్రచారల వేసవి కాయ, పందికొవ్వులో వేయించుకుంటే ఆ పూటకి ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఇంట్లో కాయని ఎవరూ యాపిల్ అనరు. "నాలుగు ఓమాలు పట్రా," అంటారు. మనిషి పోయి ఏళ్ళయినా పేరు మాత్రం రోజూ వంటింట్లో తిరుగుతూ ఉంటుంది.

ఆఖరిది ట్రూలా కొమ్మ. ట్రూలా అంటే కొడుకు గార్లాండ్ పెళ్ళాం. గార్లాండ్ దుంగల లారీ నడుపుతాడు, సోమవారం పోతే శనివారం సాయంత్రం కనబడతాడు. ఆ పిల్ల పుట్టిల్లు బార్లో గండి. పెళ్ళయిన ఏడాదే తండ్రి పోయాడు. పొలం కొన్నవాడు పొగాకు వేసుకోవడానికి చెట్లన్నీ కొట్టేశాడు. గరుకు తోలుతో బంగాళాదుంపలా ఉండి, కొరికితే బేరికాయ వాసన కొట్టే ఆ రకం ఇప్పుడు లోకంలో ఈ ఒక్క కొమ్మకే ఉంది. ఈ ఏడే దానికి తొలి పూత.

కొత్త కొమ్మ తొలి కాపు ఒరుగులు పోసి, ఉడికించి, ఆ ఏడు చేసే పొరల రొట్టెలో అన్నిటికన్నా పైపొర కింద పెడతారు. ఆ పూట నుంచి కాయకి కోడలి పేరు. అప్పటిదాకా డెల్ఫీకి ట్రూలా "బార్లో పిల్లే". ట్రూలా పొయ్యి వెనక మేకుకి చిన్న గుడ్డసంచీ ఒకటి వేలాడదీసుకుంది. తండ్రి చేతి ఆఖరి ఒరుగులు అందులో ఉన్నాయి. కొత్త కాపులో కలిపి ఉడికిద్దామని ఆమె ఆశ.

"ఆ సంచీకి పురుగు పట్టి నా పిండిడబ్బాలోకి దిగుతుంది, చూస్తుండు," అనేది డెల్ఫీ.

"పట్టదత్తయ్యా. పొగ తగులుతోందిగా."

"పొగ తగిలితే పురుగు పట్టదంటే ఎట్టా? మీ మావ చిన్నప్పట్నించీ పొగలోనే ఉన్నాడు, బుర్రలో పురుగు చచ్చిందా?"

ఆర్విల్ వరండాలో పైపు కొట్టుకుంటూ ఆ మాట విని మీసాల్లో నవ్వుకునేవాడు. అతను రోజుకి మాట్లాడే మాటలు పిల్లికి పోసే పాలంత ఉంటాయి.

ఆ పొద్దున నేరుగా ట్రూలా కొమ్మ దగ్గరికే పోయాడు. చూడగానే కాళ్ళు ఆగిపోయాయి.

కొమ్మ చివర గొర్రెలకాపరి వంకీకర్రలా వంగిపోయి ఉంది. ఆకులు పొయ్యి పక్కన ఆరేసి మరిచిపోయిన గుడ్డల్లా మాడి, రాలకుండా వేలాడుతున్నాయి. పిందెలు మిరియాల్లా నల్లబడ్డాయి. బెరడు మీద తేనెరంగు జిగురు బొట్టు ఒకటి నిలిచి ఉంది. ఒక ఈగ దాని మీద వాలి, కాళ్ళు రుద్దుకుని, లేచి పోయింది. ఎటు పోయిందో ఆర్విల్ చూడలేకపోయాడు.

మాడు తెగులు. పట్టాక దానికి మందు లేదు. మాడిన చోటు నుంచి మూరెడు కిందకి కోసి కాల్చెయ్యాలి. తండ్రి చెప్పింది అదే, అతని తండ్రికి అతని తండ్రి చెప్పిందీ అదే. ఈ కొమ్మ కట్టి మూడో వసంతం. అంటు ముడి నుంచి చివరిదాకా కలిపినా రెండు మూరలు లేదు. మాడు సగందాకా దిగింది. మూరెడు కిందకంటే ముడి దగ్గరికే, ఇక మిగిలేదేమీ ఉండదు.

కోడిగుడ్ల బుట్టతో ట్రూలా వెనకే వచ్చి నిలబడింది.

"ఏంటి మావయ్యా?"

అతను పక్కకి జరిగాడు. ఆమె చూసింది. బుట్ట కింద పెట్టింది.

"మాడేనా?"

"ఊఁ."

"మా నాన్నయితే ఆలోచించేవాడు కాదు. ముడి దాకా కోసేసేవాడు."

ఆర్విల్ ముడి చుట్టూ వేలితో తడిమాడు.

"కోసెయ్యండి మావయ్యా. మిగతావాళ్ళ కొమ్మలు ఉండాలిగా."

గుడ్లు ఇన్ని వచ్చాయని చెప్పినట్టే చెప్పింది. చెబుతూనే ఒక నల్లపిందెని బొటనవేలితో తుడుస్తోంది, మసి అంటుకుందేమో, తుడిస్తే పోతుందేమో అన్నట్టు.

ఆర్విల్ జేబులోంచి మడతకత్తి తీశాడు. ముడి దగ్గర ఆనించాడు. ఆనించి ఆమె వేలి వంక చూశాడు. కత్తి మెల్లగా పైకి జరిగింది. మాడిన చోటుకి జానెడు కింద, ఒక పచ్చటి ఆకు జత వదిలిపెట్టి, కోశాడు.

"చాల్లే. జానెడు చాలు," అన్నాడు.

ట్రూలా అతని మొహంలోకి చూసింది. గుడ్ల బుట్ట తీసుకుంది.

ఆర్విల్ కత్తిని ప్యాంటు కుడి తొడకి అటు ఒకసారి, ఇటు ఒకసారి తుడిచాడు. రొట్టె కోసినా, పొగాకు కోసినా, దూడ బొడ్డు కోసినా అతని కత్తి తుడుపు అంతే. ఆ తొడ మీద మరక పోగొట్టలేక డెల్ఫీ ఎన్ని సబ్బులు అరగదీసిందో. ఇంట్లోకి తిరగబోతుంటే ఓమా కొమ్మ మీద ఒక నీరుకొమ్మ నిటారుగా లేచి కనబడింది. అలాంటివి కాపుని తినేస్తాయి. వాటిని చూసీ చూడనట్టు పోవడం అతని చేతికి తెలీదు. కత్తి ఇంకా మడవలేదు. టిక్కుమనిపించాడు. అది కోశానన్న ధ్యాస కూడా లేకుండా మాడిన కొమ్మ తీసుకుపోయి పొయ్యిలో పెట్టాడు.

ఆ సాయంత్రం పొగాకు కోసుకుందామంటే కత్తి కనబడలేదు. మర్నాడు కిటికీ గట్టు మీద దొరికింది. ఎవరో సలసలకాగే నీళ్ళలో వేసి తోమారు. మడత సందులో ఏళ్ళనాటి మురికి కూడా పోయింది. నూనె చుక్క వేశారు. ఎప్పుడూ లేనిది డెల్ఫీకి ఇంత ప్రేమేంటా అనుకుని జేబులో వేసుకున్నాడు.

ముసురు విడిచింది. ఎండలు కాశాయి. ఆర్విల్ పొద్దున లేస్తూనే చెట్టు దగ్గరికి పోయేవాడు, మధ్యాహ్నం మొక్కజొన్న తవ్వుతూ ఒకసారి వచ్చి చూసేవాడు, పాలు పితికాక ఇంకోసారి. ట్రూలా కొమ్మ మొండెం మీద ఆ ఆకుల జత పచ్చగానే ఉంది. పక్కన కొత్త మొగ్గ కూడా ఉబ్బింది. అతనికి ఈల వచ్చింది.

"ఏంటయ్యోయ్, ఈలలు వేస్తున్నావ్?" అంది డెల్ఫీ కిటికీలోంచి. "పెళ్ళిచూపులకి గానీ పోతున్నావా? పోయేటప్పుడు ఆ ప్యాంటు మార్చుకుని పో."

"నాకెవరిస్తారే?"

"నాకిచ్చిన మా నాన్నకి కళ్ళు ఆనేవి కాదులే. అలాంటివాడు ఇంకొకడు దొరక్కపోతాడా?"

ట్రూలా గిన్నెలు కడుగుతూ నవ్వింది, వాళ్ళిద్దరూ నవ్వారు. ఆ చెట్టు ఉండగా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వింది అదే ఆఖరు.

అది జరిగిన రెండో రోజో మూడో రోజో, ఆర్విల్ పాలబకెట్టుతో వస్తూ ఆగాడు. ట్రూలా కొమ్మ మీది ఆకుల జత మాడిపోయింది. నలుపు ముడి దాటి పంగలోకి దిగింది. అది సరే, అతను భయపడుతున్నదే. కానీ ఓమా కొమ్మ చివర కూడా తల వాల్చింది. బకెట్టు కింద పెట్టి దగ్గరికి పోయాడు. ఓమా కొమ్మ మీద నలుపు ఎక్కడ మొదలైందో వెతికాడు. వెతకాల్సిన పని లేకపోయింది. నీరుకొమ్మ గిల్లిన గాటు. కుడిచేతి వాటం గాటు, కిందకి ఏటవాలుగా, అతని బొటనవేలు ఆనిన వైపు కాస్త చీలిక. సంతకం అక్కర్లేదు. ఆ గాటు చుట్టూ బెరడు నల్లబడి, కుంగి, అక్కణ్ణించే రెండు వైపులా పాకింది.

అతను జేబు తడుముకున్నాడు. కత్తి ఉంది. ప్యాంటు తొడ మీద చెయ్యి పెట్టాడు. పెట్టి తీసేశాడు.

డెల్ఫీ వచ్చింది. చూసింది. అత్తగారి కొమ్మ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఓమా బతికుండగా ఆ అత్తాకోడళ్ళకి ఒక్కరోజు పడలేదు. పోయాక మాత్రం ఆ కొమ్మకి పురుగు పడితే డెల్ఫీయే ఎక్కి ఏరేది.

"అంటించేసింది," అంది. "చూశావా, అంటించేసింది! ఏమే బార్లో పిల్లా, పుట్టింటి నుంచి పుల్ల తెచ్చావా, పాడె తెచ్చావా? వందేళ్ళ చెట్టు ఇది."

గుమ్మంలో కూర్చుని దుంపలు చెక్కుతోంది ట్రూలా. తల ఎత్తలేదు.

"నిన్నే. నోట్లో దుంపేమైనా పెట్టుకున్నావా?"

"ఏం మాట్లాడను అత్తయ్యా. ముందు పట్టింది నా కొమ్మకేగా."

అని ఒక్కసారి తల ఎత్తింది. ఎత్తి చూసింది అత్తగారిని కాదు, ఆర్విల్ జేబుని. ఎంతసేపని, రెప్పపాటు. మళ్ళీ దుంప మీదికి దించుకుంది.

కత్తి తోమింది డెల్ఫీ కాదని ఆర్విల్‌కి అప్పుడు తెలిసింది. కత్తికి అంటిన మాడు ఇంకో కొమ్మకి పోతుందని తెలిసిన పిల్ల, ఆ రోజే అంతా చూసింది. చూసి, కత్తి ఉడకబెట్టి, నూనె రాసి, నోరు మూసుకుంది. ఇప్పుడు తిట్లు తినేదీ ఆమే. చెప్పాలని ఆర్విల్ నోరు తెరిచాడు. వాడని తలుపు బందులా అది సగంలో పట్టేసింది. బకెట్టు తీసుకుని లోపలికి పోయాడు. పాలు వొలికాయి.

కంచెకి అవతల ఓటిస్ తోట. ఓటిస్‌కి వంద చెట్ల పైనే ఉన్నాయి, సంతకి వేసేది ఆ కాయలే. ఆర్విల్‌తో బళ్ళో ఒక బల్ల మీద కూర్చున్నవాడు. ఆర్విల్ కంచె దగ్గర నిలబడి ఊరికే అటూ ఇటూ చూస్తుంటే అతనే వచ్చాడు.

"ఏంట్రా, కంచె నిలబడిందో లేదో చూస్తున్నావా? నువ్వు వేసిన కంచే, పడితే నా మీదే పడుతుందిలే."

"మాడు," అన్నాడు ఆర్విల్.

ఓటిస్ నవ్వు అక్కడే ఆగింది. తన కట్టెలపాక వెనకనుంచి ఒక సారా సీసా తీసి, తన కత్తి అందులో ముంచి, కంచె ఎక్కి దూకాడు. మామూలు రోజుల్లోనైతే, ఓటిస్ సారా కత్తికి పోస్తున్నాడంటే లోకం తలకిందులైందని ఊరంతా చెప్పుకునేది. ఎవరూ నవ్వలేదు. అతను పంగ దగ్గర బెరడు గోటంత లేపాడు. లోపల తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రగోధుమ చారలు, నీళ్ళు దిగి, కిందకి పోతున్నాయి. మళ్ళీ కత్తి ముంచి ఇంకాస్త కింద లేపాడు. అక్కడా అంతే. లుటీషా కొమ్మ మొదలు దగ్గర లేపాడు. డెల్ఫీ కొమ్మ మొదలు దగ్గర లేపాడు. ప్రతిసారీ ముంచాడు. ముంచినప్పుడల్లా ఆర్విల్ ఆ సీసానే చూస్తున్నాడు.

"చెట్టు మొదల్లోకి దిగిందిరా," అన్నాడు ఓటిస్.

"ఊఁ."

"నేను చెప్పక్కర్లేదు."

"ఊఁ."

"నా చెట్లన్నీ గాలివాటులో ఉన్నాయి. ఈగకి కంచె అడ్డం కాదు. ఇంకో వాన పడేలోపు తీసెయ్యి. వేళ్ళ దగ్గరికంటా. కాల్చు. కోయడానికి నేను రానా?"

"వద్దు."

ట్రూలా దుంపల గిన్నె పక్కన పెట్టి వచ్చింది.

"ఓటిస్ బాబాయ్, చిన్న మాట. నా ముడి దగ్గర ఒక్క మొగ్గ ఉంది. ఇంకా నల్లబడలేదు. మీ చెట్లలో ఏదో ఒకదానికి, ఎక్కడో ఒక మూల..."

ఓటిస్ టోపీ తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మాయ్, పైకి నల్లబడకపోయినా లోపల ఉంటుంది. నీ మొగ్గ కట్టిన చెట్టుకీ ఇదే గతి. అడవిచెట్టుకి కడతానన్నా దాని పక్కది నాదే." టోపీ అంచు నిమురుతూ, "మీ నాన్న కాయ నేను తిన్నానమ్మా. ఒకసారి సంతలో. నాకొక పుల్ల ఇవ్వవయ్యా అని అడుగుదామనుకున్నా. వచ్చే ఏడు అడుగుదాంలే అనుకున్నా," అన్నాడు.

టోపీ పెట్టుకుని కంచె ఎక్కాడు. సీసా మరిచిపోయాడు.

ఆర్విల్ ఆ రాత్రికే సగం, మర్నాడు సగం ఓమా కొమ్మ కోశాడు. ఈసారి మూరెడు కాదు, రెండు మూరలు. ప్రతి గాటుకీ కత్తి సారాలో ముంచాడు. కోసిన ప్రతి చోటా లోపల గోధుమరంగు చారే కనబడింది. పరిగెత్తే నీళ్ళని చేత్తో ఆపినట్టే ఉంది. నాలుగు రోజులకి డెల్ఫీ కొమ్మ తల వాల్చింది. ఆ కాయలు అప్పటికే గోళీలంత ఉన్నాయి, చారలు కూడా పడుతున్నాయి. పడమటి కొండ మీద మళ్ళీ మబ్బు పోగవుతోంది.

"రేపు తీసేస్తా," అన్నాడు వరండాలో.

డెల్ఫీ ఒడిలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. కాయలు అయిపోయాక కూడా వేళ్ళు ఒలుస్తూనే ఉన్నాయి.

శనివారం పొద్దున ఆర్విల్ పాకలోంచి ఇద్దరు లాగే రంపం తీశాడు. గార్లాండ్ వచ్చేది సాయంత్రం, అప్పటిదాకా ఆగేట్టు లేదు మబ్బు. రంపానికి సారా రాశాడు. చచ్చే చెట్టుకి ఎందుకని డెల్ఫీ అడగలేదు, అతనూ చెప్పలేదు. ట్రూలా వచ్చి రెండో పిడి పట్టుకుంది.

డెల్ఫీ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"బార్లో గండిలో చెట్లు మిగల్లేదు," అంది. "ఇప్పుడిక్కడా మిగల్లేదు. కడుపు నిండిందా పిల్లా?"

ట్రూలా పిడి సర్దుకుంది. ఆర్విల్ రంపం ఎత్తలేదు.

"డెల్ఫీ."

అతను పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆమె చేతులు విడిచింది.

"ఏంటి?"

"నా కత్తి."

"ఏమైంది నీ కత్తికి?"

"తుడిచా. దీనికి." తొడ చూపించాడు. "ఈ పిల్ల కొమ్మ కోసి, దీనికి తుడిచి, అదే కత్తితో అమ్మ కొమ్మ గిల్లా."

డెల్ఫీ ఆ మరక వంక చూసింది. ఆమెకి తెలియని మరకా అది.

"ముడి దాకా కొయ్యమంది," అన్నాడు. "తనే కొయ్యమంది. నేనే కొయ్యలేదు."

ఒక్క పూటలో అతను అన్ని మాటలు మాట్లాడటం డెల్ఫీ ఎరగదు. ట్రూలా వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

ట్రూలా తన వైపు రంపాన్ని బెరడుకి ఆనించింది. "పట్టండి మావయ్యా, మబ్బు వస్తోంది," అంది.

లాగారు. మొదట రంపం బెరడులో తడబడింది, తర్వాత దారి దొరికింది. అతను లాగితే ఆమె వదిలేది, ఆమె లాగితే అతను వదిలేవాడు. పొట్టు ముందు గోధుమరంగులో రాలింది. లోపలికి పోయాక తెల్లగా, తడిగా, మంచి చెట్టు పొట్టులాగే రాలింది. అది చూసి ఆర్విల్ ఒకసారి ఆగాడు. నడిమధ్యలో చెట్టుకి ఇంకా ఏమీ కాలేదు. మళ్ళీ లాగాడు. చెట్టు కిటికీ వైపు పడకుండా ఒరిగి, కొమ్మల మీద నెమ్మదిగా కూర్చున్నట్టు పడింది. కోళ్ళు అరుచుకుంటూ పరిగెత్తాయి.

డెల్ఫీ లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పటికి తలకి గుడ్డ కట్టుకుని ఉంది. వంగి రెమ్మలన్నీ పోగుచెయ్యడం మొదలుపెట్టింది. కొమ్మకి ఒక చివర ట్రూలా పట్టుకుంటే తను రెండో చివర పట్టుకుంది. "జాగ్రత్త, ముల్లు," అని ఒకసారి డెల్ఫీ అంది. యాపిల్‌కి ముళ్ళుండవు.

మంట పెట్టారు. యాపిల్ కట్టె పొగ తియ్యగా ఉంటుంది. చలికాలంలో పందితొడలకి పట్టించే పొగ అదే. ఆ వాసన పెరడంతా నిండి, కంచె దాటి పోయింది. పొద్దుట్నించీ ఎవరూ ఏమీ తినలేదు. వద్దనుకున్నా ముగ్గురికీ నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఆర్విల్ దూరంగా పోయి పొగకి వీపు పెట్టి నిలబడ్డాడు. కంచె అవతల ఓటిస్ టోపీ తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

మంట కూలేసరికి చినుకులు మొదలయ్యాయి.

వంటింట్లో డెల్ఫీ పొయ్యి వెలిగించింది. ఎప్పుడూ ఆ వేళకి దీపం పెట్టేవాళ్ళు, చెట్టు నీడకి. ఇప్పుడు అక్కర్లేకపోయింది. కిటికీలోంచి వెలుతురు, మబ్బు వెలుతురే అయినా, నేల చివరిదాకా వచ్చి పడింది. ఎన్నడూ కనబడని గోడ పగుళ్ళు, గిన్నెల అడుగు మసి, డెల్ఫీ చేతుల మీది మచ్చలు అన్నీ కనబడుతున్నాయి. ఆమె దూలానికి వేలాడుతున్న ఆఖరి ఒరుగుల దండ దించింది. లుటీషాలూ ఓమాలూ కలిసిన దండ. నీళ్ళలో వేసింది.

ట్రూలా మేకు మీదనుంచి గుడ్డసంచీ తీసి డెల్ఫీ మోచేతి దగ్గర పెట్టింది.

"ఎందుకే?" అంది డెల్ఫీ. "దాచుకో."

"ఎప్పటికని దాచను అత్తయ్యా?"

డెల్ఫీ ముడి విప్పింది. పురుగు లేదు. ఒక ముక్క తీసి వాసన చూసింది, మళ్ళీ చూసింది. దండతో కలపలేదు. చిన్న గిన్నె ఒకటి కడిగి, వాటిని విడిగా వేసింది. గుప్పెడు కూడా లేవు.

గార్లాండ్ చీకటి పడకముందే వచ్చాడు. లారీ దిగి పెరటి వైపు చూశాడు. మొద్దు మీద వాన పడుతోంది. పక్కన బూడిద ఇంకా పొగ కక్కుతోంది. లోపలికి వచ్చి ముగ్గురి మధ్య ఖాళీ కుర్చీలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరినీ అడగలేదు.

చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, మజ్జిగ. ఉడికిన ఒరుగులు రెండు గిన్నెల్లో.

"గార్లాండ్," అంది డెల్ఫీ, "ఆ ట్రూలాల గిన్నె ముందు నీ పెళ్ళాం వైపు జరుపు."

ట్రూలా చేతిలో చెంచా ఆగింది. తర్వాత వడ్డించుకుంది. కొంచెం మామగారి పళ్ళెంలో వేసింది, కొంచెం మొగుడి పళ్ళెంలో, కొంచెం అత్తగారి పళ్ళెంలో. గిన్నె ఖాళీ అయింది.

రొట్టె కొయ్యడానికి ఆర్విల్ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. కత్తి వేళ్ళకి తగిలింది. చెయ్యి అలాగే కాసేపు ఉంచి, ఖాళీగా బయటికి తీశాడు. రొట్టెని చేత్తో విరిచి నలుగురికీ పెట్టాడు. బయట వాన పెరిగింది. తిన్నారు.